కార్పెట్ కింద సాయిసుధ

పెనుకొండ బస్టాండు ఎదురు హోటల్లో, ఉదయం ఎనిమిదీ పదికి, పట్టుచీరల బ్రోకర్ లక్ష్మీనారాయణ కాఫీ సగం తాగి, "సార్, నిన్న రాత్రి ఈడ నిలిపిన అంబాసిడర్... కార్పెట్ కింద..." అన్నాడు. అని బల్ల మీద తల వాల్చేశాడు. మళ్ళీ ఎత్తలేదు.

ఎదురు కుర్చీలో ఉన్న వెంకటేశులు మెడ దగ్గర నాడి చూశాడు. కప్పు వాసన చూశాడు. సైనైడ్! ప్రపంచం ఇంత ముందుకు పోయినా ఈ వెధవలు ఇంకా సైనైడ్ దగ్గరే ఉన్నారు. మనిషిని చంపడంలో కూడా బద్ధకమే. పదేళ్ళు తన కోసం ఊరూరా చెవులు రిక్కించి తిరిగినవాడు, పెళ్ళానికి కూడా చెప్పకుండా దేశానికి పనిచేసినవాడు, ఒక చవక కాఫీకి పోయాడు. వెంకటేశులు కాఫీ తెచ్చిన తెల్లచొక్కా వాడి కోసం వంటింట్లోకి చూశాడు. పెరటి తలుపు తెరిచి ఉంది, వాడు లేడు.

వెంకటేశులు తొమ్మిదో విభాగంలో ఏజెంట్ కె-17. ఇరవై ఆరేళ్ళ సర్వీసు, నలభై మారువేషాలు. శత్రువులంటే ఎంత చులకనో పై అధికారులన్నా అంతే చులకన. జీపులోకి వచ్చి ఫోన్ తీశాడు.

"గోరింట పండింది."

"ఏ చేతికి?" అవతల డైరెక్టర్ జగదీష్.

"ఎడమ చేతికి. లక్ష్మీనారాయణ పోయాడు సార్. ఈ పేరంటం మాటలు ఆపి సంగతి చెప్పండి. అంబాసిడర్ ఏమిటి? కార్పెట్ ఏమిటి?"

డైరెక్టర్ గొంతు సవరించుకున్నాడు. "మన ఆఫీసులో ఎవడో ద్రోహి సాయిసుధ ఫైలు అమ్మేశాడు. పేరు, ఫోటో, అక్కడి అడ్రస్, అన్నీ ఒక మైక్రోఫిల్మ్ ముక్కలో ఉన్నాయి."

వెంకటేశులు స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నాడు. నాలుగేళ్ళ కిందట ఆ పిల్లను సర్వీసులోకి తెచ్చింది తనే. శత్రుదేశం రాజధానిలో, వాళ్ళ గూఢచారి సంస్థ ఆఫీసులోనే, అనువాదకురాలిగా కూర్చోబెట్టింది తనే. ఈ డిపార్ట్‌మెంట్ మొత్తంలో అతను ఛీ అనని మనిషి ఆమె ఒక్కతే.

"వెంటనే ఆమెకి కబురు పెట్టండి."

"కుదరదు. నలభై రోజులకొకసారి ఆమే ఫోన్ చేస్తుంది, మనం చెయ్యడానికి దారి లేదు. నిన్ననే చేసింది. ఫిల్మ్ ఎక్కే ఓడ పాతిక రోజుల్లో అక్కడికి చేరుతుంది."

"ఈ రోజుల్లో ఓడ మీద ఫిల్మా?"

"నెట్‌లో పంపితే మనం పట్టేస్తాం, మనిషితో పంపితే ఎయిర్‌పోర్టులో పట్టేస్తాం. అందుకే పాత కారు. అక్కడ ఎవడో పాత కార్ల పిచ్చోడు కొన్నట్టు కాగితాలు పుట్టించారు. హిందూపురంలో కొత్త కార్పెట్ వేయించారు. ఇవాళ రెండు గంటలకు ధర్మవరంలో కంటెయినర్ ఎక్కుతుంది, పట్టుచీరల బేళ్ళతో పాటు."

"కారుని పట్టేసుకుంటే పోలా?"

"పట్టుకుంటే ఆ ద్రోహి ఇంకో ఫిల్మ్ ఇంకో దారిలో పంపుతాడు. నువ్వు అసలుది తీసి డూప్లికేట్ పెట్టు. అందులో సాయిసుధ బదులు వాళ్ళ సొంత చీఫ్ ఉంటాడు, మన దగ్గర జీతం తీసుకుంటున్నట్టు. హిందూపురం బస్టాండులో బిస్కెట్ ప్యాకెట్ అందుతుంది, అందులో ఉంటుంది. ఒక్కటే షరతు. ఆ కార్పెట్ మీద ఇంకో చెయ్యి పడిందని ఎవరికీ తెలియకూడదు. అనుమానం వచ్చిందా, ఆ పిల్ల బతికేది పాతిక రోజులే."

"కారు వెంట ఎవరున్నారు?"

"మంజులత."

వెంకటేశులు ఫోన్ కట్ చేశాడు. మంజులత! నల్ల కళ్ళద్దాలు, వీధి చివరికి కూడా తెలిసే సెంటు, హ్యాండ్‌బ్యాగులో పిస్తోలు. మన దగ్గర ఒక జీతం, వాళ్ళ దగ్గర ఒక జీతం, ఎవరికీ విశ్వాసం లేదు. పైగా ట్రైనింగ్‌లో అతని బ్యాచ్. అతని నలభై మారువేషాలూ ఆమెకు కంఠతా వచ్చు.

* * *

కార్పెట్ ఎత్తడమూ ఒక విద్యేనా? అరగంటలో నేర్చుకుని పోవచ్చు అనుకున్నాడు వెంకటేశులు. హిందూపురంలో బిస్కెట్ ప్యాకెట్ తీసుకున్నాడు. మాసిన లుంగీ, కంతలు పడిన బనియన్, చెవిలో బీడీ పెట్టుకుని, నలభై ఒకటో మారువేషంలో, ఆ అంబాసిడర్‌కు కార్పెట్ వేసిన మొహిద్దీన్ సాబ్ షెడ్డుకు పోయాడు.

షెడ్డుకు బోర్డు లేదు. కావాల్సినవాళ్ళకు తెలుసు, తెలియనివాళ్ళు సాబుకు అక్కర్లేదు. అరవై అయిదేళ్ళ మనిషి, తెల్లగడ్డం, మోకాళ్ళ మీద రెండు రబ్బరు ముక్కలు కట్టుకుని ఒక పాత ఫియట్ పక్కన కూర్చుని ఉన్నాడు. కొత్త కార్పెట్ మెత్తబడాలని దాని టాపు మీద ఎండకు పరిచాడు.

"సాబ్, మడకశిర నుంచి వచ్చినా. సీటు పని, కార్పెట్ పని తెలుసు. కూలికి పెట్టుకుంటావా?" అన్నాడు వెంకటేశులు, రెండు కన్నడ మాటలు కూడా కలిపి.

సాబ్ కత్తి చేతికిచ్చి, ఫియట్ వైపు గడ్డం చూపాడు.

వెంకటేశులు టాపు మీది కార్పెట్ లాగి లోపల పడేసి, డోర్ దగ్గర కూర్చుని, మిగిలిన అంచు కొయ్యబోయాడు. సాబ్ చటుక్కున మణికట్టు పట్టుకున్నాడు.

"ఎవురప్పా నువ్వు? పోలీసా?"

"అదేంది సాబ్, కూలోణ్ణి..."

"కూలోడు ముందే అంచు కోస్తాడా? కారు నేల నడుమ ఉబ్బుగా ఈ గూను ఉండాది సూడు, దాని మీద ముందు కూర్చోబెట్టల్ల. ఆన్నుంచి రెండుపక్కలా అరచేత్తో తోసుకుంటా రావల్ల. పాత కార్పెట్ పక్కన పెట్టి కొలత సూసుకోవల్ల. కోసేది అన్నింటికంటే కడపట. నువ్వు వచ్చీరాంగానే కత్తి పెడ్తివి. నీ అయ్య సొమ్మా అది? ఎవురు నువ్వు?"

ఇరవై ఆరేళ్ళలో అతని వేషాల్లో ఒక్కదాన్నీ ఏ శత్రు ఏజెంటూ పట్టలేదు. వెంకటేశులుకి మొహం మాడిపోయింది. లుంగీ మడతలోంచి ఐడెంటిటీ కార్డు తీసి చూపించాడు.

"కార్డా? మా అల్లునికీ ఉండాది," అన్నాడు సాబ్, ఫియట్‌లోంచి కార్పెట్ తీసి మళ్ళీ ఎండకు పరుస్తూ. "తెల్ల అంబాసిడర్ గురించే గదా వచ్చింది? ఆ కళ్ళద్దాలమ్మ నిన్న తీసకపోయింది. పని ముగిసింది."

"ఆ కార్పెట్ ఒకసారి ఎత్తి, ఎత్తినట్టు తెలియకుండా మళ్ళీ వెయ్యాలి సాబ్. నాతో ధర్మవరం రావాలి."

"రాను. నాకు పని ఉండాది."

"దేశం కోసం సాబ్."

"దేశం యానాడన్నా నా షెడ్డుకు వచ్చిందా? ఎండకు రేకు కాలిపోతాంటే ఎట్ల ఉండావని అడిగిందా?"

వెంకటేశులుకి ఒళ్ళు మండింది. అరెస్టు చేయిస్తానన్నాడు. చేయించుకో పొమ్మన్నాడు సాబ్, కత్తి నూరుకుంటూ. గడియారం పదిన్నర చూపిస్తోంది. వెంకటేశులు ఆ నేల మీదే చతికిలబడ్డాడు. ఏ ఏజెంటూ బయటివాళ్ళకు చెప్పకూడని మాట చెప్పేశాడు.

"సాబ్, ఆ కార్పెట్ కింద ఒక ఆడపిల్ల పేరుంది. అది ఓడెక్కితే పాతిక రోజుల్లో ఆ పిల్లను చంపేస్తారు. పిల్లను అక్కడికి పంపింది నేనే."

సాబ్ కత్తి నూరడం ఆపాడు. "ఏం వయసు?"

"ఇరవై తొమ్మిది."

"అమ్మానాయనలు ఉండారా?"

"ఉన్నారు. పిల్ల ఏదో కంపెనీలో ఉద్యోగం చేస్తోందనుకుంటున్నారు."

సాబ్ లేచాడు. గోడకు తగిలించిన సంచీ తీసుకుని భుజాన వేసుకున్నాడు. "ఈ మాట ముందే చెప్పింటే ఇంతసేపు కత్తి నూరుతుంటినా? జీపు యాడ పెట్టినావు?"

* * *

పెనుకొండ దాటాక వెంకటేశులు బ్యాగులోంచి ఒక డబ్బా తీసి గర్వంగా చూపించాడు. సోఫా కింద సూదిని కూడా కనిపెట్టే స్కానర్, విదేశాల నుంచి తెప్పించింది. సాబ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అరచెయ్యి లేనోళ్ళకు బాగుంటాది," అని తిరిగి ఇచ్చేశాడు.

ధర్మవరంలో కంటెయినర్ స్టేషన్ దగ్గర ఒక గోడౌన్ వెనక నిలబడి ఉంది. దాని పక్కనే తెల్ల అంబాసిడర్. గోడౌన్ ముందు భాగంలో నరసింహులు చీరల అంగడి. నరసింహులు చచ్చిపోయిన లక్ష్మీనారాయణకు చిన్ననాటి స్నేహితుడు. వెంకటేశులు దారిలోనే అతనికి ఫోన్ చేసి జరిగింది చెప్పాడు. "ఏం చెయ్యమంటావు సార్?" అన్నాడు నరసింహులు.

"మంజులత అంగట్లోకి వస్తే కాసేపు ఆపాలి."

"అది నాకు చెప్పల్నా? చీరలు చూపిస్తానే ఉంటా."

ఒంటిగంటా ఇరవైకి ఆమె చీరలు చూడ్డానికి కూర్చుంది. పొద్దున కాఫీ ఇచ్చిన తెల్లచొక్కా వాడే కారుకు కాపలా. సమయానికి వాడు బిర్యానీకి పోయాడు. ఆ ముఠా వాళ్ళు తమను తాము ప్రొఫెషనల్స్ అని చెప్పుకుంటారు! కారు దగ్గర ఎవరూ లేరు. నరసింహులు లెక్క ప్రకారం పదిహేను నిమిషాల టైముంది.

వెంకటేశులు స్కానర్ ఆన్ చేశాడు. అది డోర్ దగ్గర కూసింది, డాష్‌బోర్డు దగ్గర కూసింది, సాబ్ సంచీ చూసి ఇంకా గట్టిగా కూసింది.

"దాని నోరు ముయ్యి," అన్నాడు సాబ్. ముందు సీటు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని కార్పెట్ మీద అరచెయ్యి పెట్టి, గూను మీంచి కుడికి, మళ్ళీ ఎడమకు, మెల్లగా జరుపుకుంటూ పోయాడు. ఎడమ డోర్ వైపు చెయ్యి ఆగింది. మొహం ఎర్రబడింది.

"ఎవుడో నా పని మీద చెయ్యి పెట్టినాడు."

"దొరికిందా?"

"గమ్ము పూసినాడప్పా! నా కార్పెట్‌కు గమ్ము! నలభై ఏండ్లల్లో నేను గమ్ము ముట్టలే. గమ్ము పూస్తే కిందికి దిగిన నీళ్ళు ఆరవు, రేకు పుచ్చిపోతాది. ఈడ సూడు, మడత కూడా వదిలేసినాడు నా కొడుకు, వేలెడు మడత!"

"సాబ్, టైము లేదు. పీకెయ్యండి."

"పీకితే నార లేచి వస్తాది. అప్పుడు గుడ్డోనికి కూడా తెలుస్తాది. పోయి రెండు గ్లాసుల టీ తేపో. స్టీలు గ్లాసుల్లో. పొగలు పోతాండల్ల."

ఏజెంట్ కె-17 పరుగెత్తుకుంటూ పోయి టీ తెచ్చాడు. సాబ్ ఒక్క గుక్క కూడా తాగలేదు. వేడి గ్లాసులు రెండూ కార్పెట్ మీద పెట్టి, బిగించి అదిమి, ఇస్త్రీ చేసినట్టు జరిపాడు. డోర్ కింది అల్యూమినియం పట్టీ మరలు విప్పాడు. గమ్ము మెత్తబడగానే మొద్దుకత్తి అంచు కిందికి పోనిచ్చి, కార్పెట్‌ను అరచేతి వెడల్పు ఎత్తాడు. లోపలి గోనె ఫెల్టులో చిన్న కోత ఉంది. ఆ కోతలో, ప్లాస్టిక్ చుట్టి, వేలిగోరంత ఫిల్మ్.

వెంకటేశులు దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. సాయిసుధ చిన్న నవ్వు మొహం. దాన్ని లుంగీ మడతలో దోపుకున్నాడు. బిస్కెట్ ప్యాకెట్లోని ఫిల్మ్‌కు అదే ప్లాస్టిక్ చుట్టి సాబ్‌కిచ్చాడు. సాబ్ దాన్ని అదే కోతలో పెట్టి, ఎండిన గమ్మంతా గోకేసి, కార్పెట్ దించి, గూను వైపు నుంచి అరచేత్తో ఒక్కసారి తోశాడు. పట్టీ బిగించాడు. మొత్తం పదకొండు నిమిషాలు.

"అయిపోయింది, పదండి," అని లేవబోతూ వెంకటేశులు కిందికి చూశాడు. "సాబ్! మడత ఏదీ?"

"తీసేసినా."

"ఎందుకు తీశారు? ఉన్నది ఉన్నట్టు ఉండాలని చెప్పానా లేదా! మళ్ళీ పెట్టండి!"

"మడత పెట్టేదా? నేనా?" సాబ్ అతన్ని పైనుంచి కిందికి చూశాడు. "చెయ్యి రాదప్పా నాకు. కావల్లంటే నువ్వు పెట్టుకో."

వెంకటేశులు వంగి ప్రయత్నించాడు. ఎంత తోసినా కార్పెట్ చక్కగా సర్దుకుని కూర్చుంటోంది. ఇంతలో గోడౌన్ మలుపు నుంచి సెంటు వాసన ముందొచ్చింది, వెనకే హైహీల్స్ చప్పుడు. వెంకటేశులు టీ గ్లాసులు పట్టుకుని పట్టుబేళ్ళ వెనక్కు దూకాడు. సాబ్ సంచీ భుజాన వేసుకుని, తొందరేమీ లేకుండా, గేటు వైపు నడిచాడు.

మంజులత చేతిలో రెండు చీరల ప్యాకెట్లు. పక్కన బిర్యానీ తిని వచ్చిన తెల్లచొక్కా వాడు. ఆమె ఎడమ డోర్ తీసి, కళ్ళద్దాలు పైకి నెట్టి, కిందికి చూసింది.

"ఇక్కడ మడత ఉండాలి," అంది మెల్లగా. "పొద్దున నా చెప్పు దానికే తట్టుకుంది. ఏమైంది?"

ఆమె చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి పోయింది.

బేళ్ళ వెనక వెంకటేశులు పిస్తోలు తీశాడు. కాలిస్తే ఇద్దరూ పడిపోతారు, నిజమే. కానీ రేపటికల్లా ముఠాకు కబురు పోతుంది, ఇంకో ఫిల్మ్ ఇంకో దారిలో బయలుదేరుతుంది. కాల్చకపోతే ఈమే ఆ కబురు పంపుతుంది. ఎటు చూసినా సాయిసుధ చస్తుంది. నలభై మారువేషాల్లో ఒక్కటీ ఇప్పుడు పనికొచ్చేది కాదు.

"ఏమమ్మా!"

గేటు దగ్గర నుంచి వెనక్కి వస్తున్నాడు సాబ్. వేషం లేదు, నటన లేదు, మోకాళ్ళకు అవే రబ్బరు ముక్కలు. అతని గొంతుకు స్టేషన్ దగ్గరి ఆటోవాళ్ళు కూడా తలలు తిప్పారు.

"సాబ్, మీరు ఇక్కడ..." అంది మంజులత.

"నేనే! ధర్మవరంలో పనుండి వస్తి. నా కారు గదా అని డోర్ తీసి సూస్తి. ఏందమ్మా అది? నా కార్పెట్‌కు గమ్ము పూసిన నా కొడుకు ఎవుడు? నిన్న అద్దం మాదిరి చేసిచ్చినా. పొద్దు గూకి తెల్లారేలోపల మడత! ఈ కారు దేశాలు దాటి పోతాంది గదా, ఆడ సూసినోళ్ళు ఏమంటారు? హిందూపురంలో మొహిద్దీన్‌కు పని రాదు అంటారు! గమ్ము గోకినా, మడత తీసినా. నేనే చేసినా! ఏం, తప్పా?"

"ఇంకేమైనా... ముట్టుకున్నారా?"

"ఇంకేం ముట్టుకునేదుండాది? చెప్పు, ఎవుడు చేసినాడు? వీడా?"

తెల్లచొక్కా వాడు ఒకడుగు వెనక్కి వేశాడు. మంజులత ఇరవై ఆరేళ్ళుగా అబద్ధాలు వింటోంది, చెబుతోంది. ఈ ముసలాడి మొహంలో ఎంత వెతికినా ఒక్కటీ కనిపించలేదు. వంగి, పట్టీ పక్క నుంచి వేళ్ళు కార్పెట్ కిందికి పోనిచ్చి తడిమింది. ప్లాస్టిక్ చుట్టిన ముక్క ఉన్నచోటే ఉంది. ఊపిరి వదిలింది. హ్యాండ్‌బ్యాగులోంచి చెయ్యి బయటికి వచ్చింది.

ఆటోవాళ్ళు ఇద్దరు ముగ్గురు దగ్గరికి వస్తున్నారు. ఆమెకు ఇప్పుడు కావాల్సింది గుంపు కాదు. "తప్పయింది సాబ్. వీడే చేశాడు, బుద్ధి లేనివాడు," అంది.

"బుద్ధి లేనోన్ని పనికేల పెట్టుకున్యావు? తమాషానా?" అన్నాడు సాబ్, ఇంకా వేడి దిగకుండా. ఆమె చేతులెత్తి దండం పెట్టాక గానీ కదల్లేదు.

సరిగ్గా రెండు గంటలకు అంబాసిడర్ కంటెయినర్ ఎక్కింది. తలుపులు మూసి సీలు వేశారు. లారీ రోడ్డెక్కేదాకా వెంకటేశులు బేళ్ళ మధ్యలోంచి బయటికి రాలేదు. వచ్చాక లుంగీ నిండా పట్టుదారాలు, రెండు గ్లాసుల టీ ఒంటి మీదే ఒలికిపోయింది.

* * *

ముప్పయ్యో రోజుకల్లా శత్రుదేశంలో వాళ్ళ చీఫ్ ఆరోగ్య కారణాల వల్ల పదవి నుంచి తప్పుకున్నాడని చిన్న వార్త వచ్చింది. ఆయన గానీ ఆయన ఆరోగ్యం గానీ ఎవరికీ మళ్ళీ కనిపించలేదు. ఆ ఫిల్మ్ పంపినందుకు మంజులతనూ తెల్లచొక్కా వాడినీ అక్కడివాళ్ళు సంజాయిషీకి రమ్మన్నారు. వాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. ఆమె పరుగున వచ్చి తొమ్మిదో విభాగం గేటు దగ్గర నిలబడి, తను మొదట్నుంచీ మన మనిషినేనని ఏడ్చింది. లక్ష్మీనారాయణ పేరు చెప్పి ఆమెను లోపలికి పంపించాడు వెంకటేశులు, సెల్లులోకి. ఫైలు అమ్మిన ద్రోహి పేరు ఆమే చెప్పింది, అడక్కముందే.

నలభయ్యో రోజు సాయంత్రం ఫోన్ మోగింది.

"సార్, ఇక్కడ మంచు మొదలైంది. అమ్మకు చెప్పండి, స్వెట్టర్ కొనుక్కున్నానని," అంది సాయిసుధ.

"చెప్తాను తల్లీ. ఇక నువ్వు ఇంటికొచ్చెయ్యి," అన్నాడు వెంకటేశులు. ఎవరితోనూ అంత మెత్తగా మాట్లాడిన అలవాటు అతనికి లేదు.

మర్నాడు హిందూపురం పోయి షెడ్డు ముందు జీపు ఆపాడు. "పిల్ల క్షేమం సాబ్. వచ్చేస్తోంది," అన్నాడు.

సాబ్ రెండు చేతులూ మొహం మీదుగా దించుకున్నాడు. తర్వాత జీపు డోర్ తీసి, లోపల చివికి పేలికలైన కార్పెట్‌ను రెండు వేళ్ళతో పట్టుకుని పైకి లేపి, అసహ్యంగా వదిలేశాడు.

"మార్చల్ల దీన్ని. సోమవారం వచ్చి తీసకపో."

"సోమవారమా? ఇంకా నాలుగు రోజులుంది సాబ్! ధర్మవరంలో పదకొండు నిమిషాల్లో అయిపోయింది కదా?"

"పదకొండు నిమిషాల్లో అయ్యేది మీ గూఢచారి పనప్పా," అన్నాడు మొహిద్దీన్ సాబ్, మోకాళ్ళకు రబ్బరు ముక్కలు కట్టుకుంటూ. "ఇది కార్పెట్ పని."